ఒక జర్మను మాట

(మన సంఘము నెలసరి సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ప్రసంగము చేయవలసినదిగా కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెంటనే ఒప్పుకొనలేదు. మెట్రిక్యులేషను గట్టెక్కి రైల్వేలో గుమాస్తాగా చేరినవాళ్ళము. పగలంతా వాగన్ల లెక్కలు వ్రాయుట తప్ప మాకు వేరొక విద్య లేదు. పండితులు మాట్లాడిన ఈ వేదిక మీద మేమేమి మాట్లాడగలము? "ఏదో ఒక మాట చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. సరే, ఒక మాటే చెప్పుదామని వచ్చాము. అది తెలుగు మాట కాదు, ఒడియా మాట కాదు. జర్మను మాట.

'మేము' అంటే ఎందరు అని మీరు అడుగుతారు కాబోలు. ఆఫీసులో ఒకరము, ఇంట్లో నలుగురము. మా మేనకోడలు, మా ఇంటావిడ, ఏడేండ్ల మా పిల్లవాడు, మేము. ఆరు నెలలుగా రాత్రి భోజనములైన తరువాత ఈ నలుగురము దీపము చుట్టూ కూర్చుండి జర్మను చదువుతున్నాము. ఆ భాషలో 'మేము'కు, 'మనము'కు ఒకటే మాటయట. ఎదుటివానిని కలుపుకొన్నామో, వదిలివేశామో చెప్పకుండా వాళ్ళ రోజులెట్లా గడుస్తున్నవో!

ఇంతకూ మాకెందుకు జర్మను? మా అక్క ఛత్రపురములో ఉంటుంది. బావగారు లేరు. పిల్ల నర్సింగు చదివింది. జర్మనీ దేశములో ముసలివారు పెరిగిపోయి, చూచుకొనే చేతులు చాలక, ఇతర దేశములనుండి నర్సులను పిలుచుకొంటున్నారు. వెళ్ళవలెనంటే అక్కడి భాష సాధారణముగా 'బి-2' అనే మెట్టు వరకు రావలెను. మా అక్క చేతి గాజులు బ్యాంకులో పెట్టి పిల్లను ఒక శిక్షణ కేంద్రములో చేర్చింది. అక్కడివారు మాటల జాబితాలిచ్చి, ఒక్కొక్క మాటకు ఎదురుగా ఒక్కొక్క ఇంగ్లీషు మాట వ్రాసి, బట్టీ పట్టమన్నారు. పిల్ల పట్టింది. వ్రాత పరీక్ష ఎట్లో దాటింది గాని, మాట్లాడే పరీక్షలో తప్పింది. అన్ని మాటలూ వచ్చును, రెండు మాటలు కలిపి చెప్పుట రాదు. రెండవసారి రుసుము కట్టే ముందు పుస్తకము తెచ్చి మా ఒళ్ళో పెట్టి, "మావయ్యా, తప్పు ఎక్కడుందో నువ్వొకసారి చూడు" అన్నది.

మాకు జర్మను ఒక్క ముక్క రాదు. మా పెద్దనాన్నగారు రూర్కెలా ఉక్కు కర్మాగారములో పని చేసినవారు. పశ్చిమ జర్మనీవారి సాయముతో కట్టిన ఆ కర్మాగారములో మొదటి కొలిమిని 1959లో రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించారు. మన వైపు నుండి ఎంతోమంది ఆ రోజులలో అక్కడికి పనికి పోయినారు. పెద్దనాన్నగారు పదవీవిరమణ చేసి వస్తూ తెచ్చుకొన్న జర్మను అంతా 'ఆఖ్టుంగ్' అనే ఒక్క మాట. 'జాగ్రత్త' అని. దానితోనే మమ్ములను చిన్నప్పుడు గోడలెక్కకుండా ఆపేవారు. అంతకు మించి మా ఇంట జర్మను లేదు.

అయినా పుస్తకము తెరిచాము. అదృష్టము కొద్దీ మొదట కంటబడినది మన సరుకే, రైలుబండి. దానికి జర్మనులో మాట 'ౘూక్'. చివర 'గ' వ్రాసి 'క' అని పలుకుతారు. బహువచనములో 'ౘ్యూగె' అనేసరికి దాగిన 'గ' బయటికి వస్తుంది. మొదటి అక్షరము ఇంగ్లీషు చదివినవారు పలకలేక 'జూగ్' అంటారట. మనకు ఆ చిక్కు లేదు. 'చలి', 'చదువు', 'చూపు' అన్నప్పుడు పండ్లకు నాలుక తగిలించి పలికే దంత్య చకారమే అది. ఈ అక్షరాన్ని అచ్చులో వేరుగా చూపుట మానివేశాము గాని, నోటినుండి పోలేదు. "చూపు అనవే, పు బదులు క్ అను" అన్నాము. మొదటిసారికే పలికింది. మా పిల్లవాడైతే నేర్చుకొనవలసిన పనే లేదన్నాడు. రైలు చేసే చప్పుడు 'చుక్ చుక్' కనుక రైలుకు ఆ పేరు ఉండుట వానికి న్యాయముగానే తోచింది.

చిక్కు పేరులో లేదు, పేరు ముందర ఉన్నది. జర్మనులో ప్రతి నామము ముందర డేర్, డీ, డాస్ అని మూడింటిలో ఒకటి నిలుచును. డేర్ పుంలింగము, డీ స్త్రీలింగము, డాస్ నపుంసకము. రైలుబండి పురుషుడు: డేర్ ౘూక్. దానిని లాగే ఇంజను స్త్రీ: డీ లోకోమోటీవె. రెంటినీ మోసే పట్టాల దారి నపుంసకము: డాస్ గ్లైస్. ఇక్కడ మాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే మా ఆఫీసులో ఏటేటా హిందీ పక్షోత్సవములు జరుగును. హిందీలో గాడీ స్త్రీలింగము, ఇంజను పుంలింగము. ప్లాట్‌ఫారము మీద హిందీలో 'ఆ రహీ హై' అని వినబడేది అందుకే. అదే బండి జర్మనీ వెళ్ళి మగవాడై, ఇంజను ఆడదై, కాపురము తలక్రిందులైనది.

"మనకి ఈ గొడవ లేదు కదా మావయ్యా, తెలుగులో లింగాలు లేవు" అన్నది మేనకోడలు.

"లేవా? 'తాతయ్య వచ్చింది' అను చూద్దాము" అన్నాము.

నవ్వబోయి ఆగిపోయింది. ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో రోజూ వినబడుతున్నదే. మా పిల్లవాడు అట్లాగే అంటాడు. 'తాతయ్య వచ్చింది', 'మాస్టారు తిట్టింది', 'నాన్న ఆఫీసుకి వెళ్ళింది'. ముద్దుమాటలని ఊరుకొన్నాము. అవి ముద్దుమాటలు కావు. వాడు వీధిలో ఆడేది ఒడియా పిల్లలతో, చదివేది వాళ్ళతోనే. ఒడియాలో కొడుకు వచ్చినా 'ఆసిలా', కూతురు వచ్చినా 'ఆసిలా', బండి వచ్చినా 'ఆసిలా'. అది ఆ భాషకు అందము, లోపము కాదు. వాడు మాటలు తెలుగువి తీసుకొని, వాటిని నడిపే తీరు ఒడియాది తీసుకొన్నాడు. శిక్షణ కేంద్రమువారు మా పిల్లకు చేసినదేదో, మేము మా పిల్లవానికి అదే చేస్తున్నాము. మాటలిచ్చాము, మాటల వెంట నడిచేవాటిని ఇవ్వలేదు.

ఆ రాత్రి జర్మను ప్రక్కన పెట్టి, చిన్నప్పటి వ్యాకరణము దుమ్ము దులిపాము. చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858 నాటిది. అందులో మహత్తులని, అమహత్తులని విభాగమున్నది కదా. మగవారిని చెప్పే మాటలు మహత్తులు. పశువులను, వస్తువులను చెప్పేవి అమహత్తులు. ఆడవారిని చెప్పేవి మాత్రము ఏకవచనములో అమహత్తులతోను, బహువచనములో మహత్తులతోను నడుచును. రాముడు వచ్చాడు, బండి వచ్చింది, సీత వచ్చింది. కాని బండ్లు వచ్చాయి, ఆడవాళ్ళు వచ్చారు. ఇది చదివి వినిపిస్తే మా ఇంటావిడ గరిటె పట్టుకొని గుమ్మములోకి వచ్చింది. "అయితే ఒక్కర్తినీ ఉన్నప్పుడు నేనూ, మీ గూడ్సు బండీ ఒకటేనా?" అన్నది. పదిమందితో కలిసి వస్తే మాతో సమానమేనని సర్దిచెప్పాము. సర్దుకొన్నదని చెప్పలేము.

అమెరికా రచయిత మార్క్ ట్వేను 1880లో అచ్చయిన తన యాత్రాగ్రంథములో జర్మనును ఎగతాళి చేశాడు. ఆ భాషలో దుంపకూరకు స్త్రీత్వమున్నది, పిల్లకు లేదు అని. నిజమే, 'పిల్ల' అనే మాట జర్మనులో నపుంసకము: డాస్ మేడ్‌షెన్. చివర 'షెన్' చేరి చిన్నతనము చెప్పే మాటలన్నీ డాస్ వర్గములోనికి పోవును, అంతే కారణము. ట్వేనుతో కలిసి నవ్వుటకు మనకు అధికారము తక్కువ. మనము పిల్లను, దుంపను ఒకే క్రియతో పిలుస్తున్నాము.

మన భాష నేర్చుకొనుటకు ఒక జర్మను ఇటువంటి అవస్థే పడినాడు. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో ఉండి 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాశాడు. చిన్నయసూరిగారికి నూట ముప్పది ఏండ్ల ముందు. 'అమ్మ వచ్చింది' అన్నచోట ఎంతసేపు కలము ఆపి కూర్చున్నాడో! ఆ అప్పు మా ఇంట్లో ఇప్పుడు తీరుస్తున్నాము అనుకొన్నాము.

తరువాతి రోజు నుండి ఒక కట్టుబాటు పెట్టుకొన్నాము. 'ౘూక్' అని ఒంటిగా ఎవరూ అనరాదు. 'డేర్ ౘూక్' అనవలెను. అన్నవెంటనే బహువచనము చెప్పవలెను. ఆపైన దానితో ఒక వాక్యము చెప్పవలెను. ఇది మేము కనిపెట్టినదేమీ కాదు. జర్మను నిఘంటువులో ప్రతి నామము ప్రక్కన లింగము, షష్ఠి రూపము, బహువచనము వరుసగా వ్రాసే ఉండును. మన నామములకు మాత్రము అట్లు అక్కరలేదా? 'ఇల్లు' నేర్చుకొన్నవానికి 'ఇంటి', 'ఇళ్ళు' కూడ రాకపోతే, మా పిల్లవానివలె 'ఇల్లులో ఉంది' అంటాడు. చెట్టు ఎక్కించి నిచ్చెన తీసివేసినట్లు.

డేర్ కూడ ఊరకే నిలిచియుండదు. బండి వస్తున్నది అంటే డేర్. బండి తప్పిపోయినది, అంటే బండిని అందుకోలేదు అన్నప్పుడు డేన్. బండిలో వెళ్ళాను అన్నప్పుడు డేమ్. మనము 'ని', 'లో' అని మాట వెనుక తగిలించేదానిని వాళ్ళు మాట ముందరి డేర్ మెడ వంచి చెప్పుతారు. అందుచేత లింగము తప్పితే ఆ ఒక్కటే తప్పదు, వెనుక వాగన్లన్నీ పట్టా తప్పుతవి. మొదటి పరీక్షలో పిల్ల తడబడినది ఇక్కడేనని తెలిసింది. బండికి 'డీ' పెట్టి బయలుదేరి, నడుమ అనుమానము వచ్చి, అక్కడే ఆగిపోయిందట.

ఏ మాట ఏ లింగమో ఎట్లా తెలియును? కొంత గుర్తులున్నవి. క్రియనుండి తోక లేకుండ పుట్టిన పొట్టి మాటలు ఎక్కువగా డేర్. లాగుట అనే క్రియ 'ౘీయెన్', దానినుండి ౘూక్. చివర 'ఉంగ్' వస్తే డీ. పెద్దనాన్నగారి ఆఖ్టుంగ్ ఆడదని మాకు యాభై ఏండ్ల తరువాత తెలిసింది. సమాసములో చివరి మాటదే లింగము. మిగిలినవి నోటికి అలవాటు కావలసినదే. ఒక్కొక్కచోట లింగము మారితే అర్థమే మారును. 'జే' అనే మాట ముందర డేర్ పెడితే సరస్సు, డీ పెడితే సముద్రము. ఇది పిల్ల ఎంతకూ గుర్తు పెట్టుకొనలేకపోతే, "చిలికకు డేర్, గోపాలపురానికి డీ" అన్నాము. అంతే, ఇక మరువలేదు. మా పిల్లవాడు మాత్రము 'డీ జే' అనగానే పెండ్లి ఊరేగింపులో గుండెలదిరేటట్లు వాయించే డీజే అనుకొని గంతులు వేశాడు. ఆ డీజేకు ఏ లింగము పెట్టినా చెవులకు సుఖము లేదు.

ఇక అర్థములు. జాబితాలో ౘూక్ ఎదురుగా 'ట్రెయిను' అని ఒక్క ముక్క ఉన్నది. ఒకరోజు పాఠములో ఒక ముసలి రోగి నర్సుతో 'ఇహ్ ఫెర్ట్రాగె కైనెన్ ౘూక్' అంటున్నది. నాకు ౘూక్ పడదు అని. "రైలు పడదట మావయ్యా" అన్నది పిల్ల. రైల్వేవాళ్ళము కనుక మాకు కొంచెము కష్టమే తోచింది. మంచము మీద ఉన్న మనిషికి రైలు ఊసెందుకు? పెద్ద నిఘంటువు తీస్తే తెలిసింది: తలుపు సందున, కిటికీ సందున లాగుతూ వచ్చే గాలిని కూడ ౘూక్ అంటారు. ఆ ముసలామె కిటికీ మూయమంటున్నది. బరంపురము ఎండలలో కిటికీ గాలి కోసము మంచము మార్చుకొనే మనకు ఈ సంగతి ఎట్లా తోచును? ఆ దేశములో పెద్దవారు ఆ గాలికి జడుస్తారట. కనుక 'ఇమ్ ౘూక్' కూర్చున్నాడు అంటే రైలులో కూర్చున్నాడో, గాలి సందున కూర్చున్నాడో మనిషిని చూచి తెలుసుకొనవలెను.

లాగేదంతా ౘూకే. వరుసగా సాగే ఊరేగింపు, చదరంగములో కదిపే ఎత్తు, ముఖములో గీసినట్లుండే పోలిక, గుక్క, దమ్ము, అన్నియు డేర్ ౘూక్. చదరంగమాడేవారు 'ౘూక్‌ౘ్వాంగ్' అని వినే ఉంటారు. ఏ ఎత్తు వేసినా చేటే, వేయక తప్పదు అనే స్థితి అది. నెలాఖరున గుమాస్తా స్థితి అని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొకటి ఉన్నది. పాఠములో ఒకాయన అన్నగారి గురించి చెప్పుతూ, 'ఇన్ డెన్ లెట్స్‌టెన్ ౘ్యూగెన్' ఉన్నాడు అన్నాడు. పిల్ల మాట మాటకు అర్థము పెట్టి, "వాళ్ళ అన్న ఆఖరి బళ్ళలో పడుకొని ఉన్నాడట" అన్నది. అందరము నవ్వాము. గూడ్సు గార్డు కాబోలు అన్నాము. నిఘంటువు చూచిన తరువాత నవ్వులేదు. ఆ ౘూక్ బండి కాదు, ఊపిరి. ఆఖరి ఊపిరులు తీస్తున్నాడు అని. మనము గుటకలు వేస్తున్నాడు అంటామే, అది. నలుగురు మాట్లాడుకొనే మోటుమాట గాని, రోగి బంధువులతో నర్సు అనదగిన మాట కాదని కూడ అక్కడ ఉన్నది. అర్థము తెలిస్తే చాలదు, ఎవరితో అనవచ్చునో, ఎవరితో అనరాదో తెలియవలెను.

పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకో మాకు తెలియును. 2017లో మా బావగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెల్లవారుజామున దగ్గరనున్నది మా అమ్మ. పలాస ప్రక్క పల్లెలో పుట్టి కాపురానికి ఇక్కడికి వచ్చిన మనిషి. నలభై ఏండ్ల నుండి ఉన్నా ఆమెకు వచ్చినది బజారు ఒడియా. నర్సు వచ్చి మెల్లగా 'సే చాలిగలే' అన్నది. వెళ్ళిపోయారు అని. ఆ పిల్ల మర్యాదగానే అన్నది, ఎవరి తప్పూ లేదు. మా అమ్మకు 'చాలిగలే' అంటే బేరము కుదరక వెళ్ళిపోయిన మనిషి అనే తెలుసు. అల్లుణ్ణి వేరే గదికి తీసుకొని వెళ్ళారనుకొని, గంజి కేరియరు పట్టుకొని వరండా వెంబడి గది గదికీ వెదికింది. మేము వెళ్ళేసరికి ఇంకా వెదుకుతూనే ఉన్నది. మేనకోడలికి అప్పుడు పదిహేనేండ్లు. ఆ వరండాలో కేరియరు అందుకొన్నది తానే. ఆ తరువాతనే నర్సింగు చదువుతానన్నది. కారణము ఎన్నడూ చెప్పలేదు, మేము అడుగలేదు.

ఆ రాత్రి పుస్తకము మూసి పడుకొన్నాము. మరునాటి నుండి పిల్ల చదివే తీరు మారింది. మాటకు అర్థము వ్రాసుకొనుట మాని, ఆ మాట ఏ మనిషి ఏ సమయములో అన్నాడో వ్రాసుకొనుట మొదలుపెట్టింది. గిడుగు రామమూర్తిగారు ఈ పద్ధతిలోనే సవరభాష నేర్చుకొన్నారు. ఒకప్పటి గంజాము జిల్లా పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, ఆ భాషకు పుస్తకము లేదు కనుక, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని నోటినుండి నేర్చుకొన్నారు. 1931లో సవర వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినవి. ఆయన ఉన్న ఊరు 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రములోనికి వచ్చింది, మన బరంపురమువలెనే. అప్పటికి ఇక్కడే ఉన్న తెలుగువారు ఏ ఊరికీ వలస వెళ్ళలేదు, సరిహద్దు వారిని దాటిపోయినది. మా తాతగారు మాత్రము బెంగాలు నాగపూరు రైల్వే ఉద్యోగము మీద పలాసనుండి వచ్చినవారే.

పిల్లవాని సంగతి కూడ చెప్పవలెను. వానికి డేర్, డీలతో ఒక ఆట పెట్టాము. వస్తువు పేరు చెప్పగానే వాడు 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చారు' అని అనవలెను. పది రోజులలో తాతయ్య 'వచ్చారు' అయినాడు. కాని జర్మను కూడ వింటున్నాడు కదా, మొన్న స్టేషనులో గొంతెత్తి, "నాన్నా, బండి వచ్చాడు!" అన్నాడు. ప్రక్కనున్న పోర్టరు మావైపు జాలిగా చూచాడు. దిద్దుటకు మనసొప్పలేదు.

మేనకోడలు రెండవసారి పరీక్ష వ్రాయుటకు కిందటి వారము కలకత్తా వెళ్ళింది. మాటల పరీక్షలో ఎక్కడా ఆగలేదని చెప్పింది. ఫలితము ఇంకా రాలేదు. మా అక్క గాజులు బ్యాంకులోనే ఉన్నవి. వెళ్ళేరోజు రాత్రి మాకు డ్యూటీ ఉండి, స్టేషనుకు వెళ్ళి ఎక్కించలేకపోయినాము. పదిగంటలకు సెల్‌ఫోనులో ఒక జర్మను వాక్యము పంపింది: 'డేర్ ౘూక్ హాట్ ఫెర్‌ష్పేటుంగ్.' మా ఇంటావిడకు కూడ అదే వాక్యము పంపిందట.

చదివి చూచాము. బండికి డేర్ పెట్టింది. చివరి మాట 'ఉంగ్'తో ముగిసే స్త్రీలింగము, అక్కడ ఏమీ తగిలించనక్కరలేదు, తగిలించలేదు. ఎక్కడా వంక లేదు. ఇంతలో ఇంటినుండి ఫోను.

"పిల్ల ఏదో పంపింది. ఏటట?" అన్నది మా ఇంటావిడ.

బండి ఆలస్యమట అని చెప్పక తప్పలేదు.

"ఎంతసేపట? రైల్వేవాళ్ళు మీరే కదా, చెప్పండి" అన్నది.